అకాడమీలో పిల్లల రక్షణ: షట్టర్ తీసిన రోజు నుంచి ఫిర్యాదు వచ్చిన రోజు దాకా

"రెండు బ్యాడ్మింటన్ కోర్టులు లీజుకు తీసుకున్నాం. 40 మంది పిల్లలు, ఒక కోచ్, ఒక అసిస్టెంట్. మాలాంటి చిన్న అకాడమీలకు కూడా ఈ రక్షణ ఏర్పాట్లన్నీ అవసరమా?" అని చాలామంది అడుగుతున్నారు. చిన్న అకాడమీలకే ఎక్కువ అవసరం. పెద్ద అకాడమీలో కనీసం పదిమంది కళ్లు తిరుగుతుంటాయి. చిన్నచోట పొద్దున ఐదున్నరకు షట్టర్ తీసేదీ, రాత్రి లైట్లు ఆర్పేదీ ఒక్కడే.

అకాడమీ నడిపేవాళ్లు, క్లబ్ కార్యదర్శులు, సమ్మర్ క్యాంపులు పెట్టే పీఈటీలు చదువుతారని రాస్తున్నాను. నాకు తెలిసింది బ్యాడ్మింటన్. కబడ్డీ అయినా, క్రికెట్ నెట్స్ అయినా, ఈత అయినా, తైక్వాండో అయినా వరస ఇదే. రెండు మాటలు గుర్తుంటే మిగతావన్నీ వాటినుంచే వస్తాయి. ఏ పెద్దమనిషీ ఒక పిల్లతోనో పిల్లాడితోనో ఎవరికీ కనపడని చోట ఒంటరిగా ఉండకూడదు. పిల్లలకు మనసులో మాట చెప్పుకోవడానికి కోచ్ కాకుండా ఇంకొకరు ఉండాలి. "మా సార్ చాలా మంచివాడండీ" అనేది నమ్మకమే. దాన్ని ఏర్పాటు అనలేం.

## 1. ముందు ఒక కాగితం, ఇద్దరు మనుషులు

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే చట్టం) నియమాలు, 2020 స్పోర్ట్స్ అకాడమీలను పేరుపెట్టి ప్రస్తావించాయి. పిల్లలతో రోజూ మెలిగే సిబ్బంది అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, దాన్ని అప్పుడప్పుడూ మళ్లీ చేయించాలి, పిల్లల భద్రత మీద శిక్షణ ఇప్పించాలి. పర్మనెంటు, కాంట్రాక్టు అన్న తేడా లేదు. కాబట్టి ఇది మన దయమీద నడిచే పని కాదు.

కాగితం అంటే 30 పేజీల ఇంగ్లిష్ పాలసీ అక్కర్లేదు. నెట్‌లోంచి దింపుకుని ఫైల్లో పెట్టుకున్నది ఎవరూ చదవరు. తెలుగులో ఒకే పేజీ రాయండి: ఇక్కడ ఏవి చేయకూడదు, ఎవరికి చెప్పాలి, చెబితే ఏం జరుగుతుంది. సంతకాలు చేయించి గోడకు అంటించండి.

తర్వాత పిల్లల మాట వినడానికి ఇద్దరిని ఎంచుకోండి. వాళ్లలో ఒకరు తప్పనిసరిగా మహిళ. హెడ్ కోచ్ గానీ, ఆయన భార్య గానీ, బామ్మర్ది గానీ, అకాడమీలో వాటా ఉన్నవాళ్లు గానీ వద్దు. ఫిర్యాదు ఎవరిమీద రావచ్చో ఆ ఇంటివాళ్ల చేతికే ఫిర్యాదు ఇవ్వమంటే ఏ పిల్లా నోరు విప్పదు. రిటైరైన టీచరో, ఊళ్లో పేరున్న డాక్టరమ్మో, పాత విద్యార్థి తల్లో అయితే బాగుంటుంది.

బోర్డు మీద ఉండాల్సినవి:

☐ ఆ ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు
☐ 1098 (చైల్డ్ హెల్ప్‌లైన్), 112 (అత్యవసర సేవలు)
☐ దగ్గరి పోలీస్ స్టేషన్ నంబరు
☐ పదేళ్ల పిల్లలు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలు, వాళ్ల కళ్ల ఎత్తులో

## 2. గ్రౌండంతా నడిచి చూడండి

రెండుసార్లు నడవాలి. పొద్దున మొదటి బ్యాచ్ రాకముందు ఒకసారి, రాత్రి ఆఖరి బ్యాచ్ వెళ్లాక ఒకసారి. పగలు పది గంటలకు చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

చూడాల్సినవి కిట్ రూమ్, టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గది, మెట్ల కింద చోటు, పార్కింగు, పిల్లలు ఆటో కోసం నిలబడే మలుపు. ప్రతిచోటా ఒకటే ప్రశ్న: ఇక్కడ ఇద్దరుంటే బయటినుంచి మూడోవాళ్లకు కనపడుతుందా?

మా దగ్గర ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇన్వర్టరు ఆఫీసు గదికి మాత్రమే ఉంది. హాల్లో ఇరవైమంది పిల్లలు చీకట్లో, వాళ్లతో ఒకే ఒక్క పెద్దమనిషి. ఏమీ జరగలేదు. కానీ అప్పటిదాకా ఆ సంగతి మాకు తట్టనే లేదు. మర్నాడే హాల్లో రెండు, టాయిలెట్ల దారిలో ఒకటి ఎమర్జెన్సీ లైట్లు పెట్టించాం.

కిట్ రూమ్ తలుపుకు అద్దం పలక వేయించండి, లోపలి గడియ పీకేయండి. టాయిలెట్లకు గడియ ఉండాలి, అదీ పిల్లల చేతికి అందేటట్టు. సీసీ కెమెరాలు హాల్లో, గేటు దగ్గర, కారిడార్లో పెట్టండి. బట్టలు మార్చుకునే గదిలో, టాయిలెట్లలో మాత్రం ఎప్పటికీ వద్దు. "భద్రత కోసమే పెట్టాం" అన్నవాళ్లను చూశాను. అది భద్రత కాదు, నేరం దాకా పోయే పని.

## 3. మనిషిని పనిలోకి తీసుకునేటప్పుడు

కోచ్ ఏ స్థాయిలో ఆడాడో అందరం అడుగుతాం. ఇంతకుముందు పనిచేసిన చోటు ఎందుకు వదిలాడో మాత్రం అడగం.

పాత అకాడమీలు రెండింటికి మీరే ఫోన్ చేయండి. "ఎలాంటివాడండీ?" అంటే "మంచివాడేనండీ" అనే జవాబే వస్తుంది. ప్రశ్న సూటిగా ఉండాలి: "పిల్లల విషయంలో ఆయనమీద ఎప్పుడైనా మాట వచ్చిందా? రేపు మళ్లీ మీ పిల్లల్ని ఆయనకు అప్పగిస్తారా?" అవతలివాళ్లు మాట నాన్చితే అదే జవాబనుకోండి.

☐ గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, కోచింగ్ సర్టిఫికెట్ల కాపీలు
☐ పోలీస్ వెరిఫికేషన్ పత్రం, మళ్లీ చేయించాల్సిన తేదీ
☐ పాత అకాడమీలు రెండింటితో ఫోన్లో మాట్లాడిన వివరం, తేదీతో
☐ ఒక పేజీ నియమాల మీద సంతకం
☐ మొదటి మూడు నెలలు ఇంకో కోచ్ ఉన్నప్పుడే బ్యాచ్

ఈ జాబితా కోచ్‌కు మాత్రమే అనుకోవద్దు. వ్యాన్ డ్రైవరు, వాచ్‌మన్, ఫిజియో, హాస్టల్ వార్డెన్, వంటమనిషి అందరికీ వర్తిస్తుంది. "మా ఊరివాడేనండీ, చిన్నప్పటినుంచీ తెలుసు" అనేది వెరిఫికేషన్ కాదు.

చిన్నపిల్లలకు నేర్పే సీనియర్ ఆటగాళ్లను మనం తేలిగ్గా మరిచిపోతాం. పదిహేడేళ్ల కుర్రాడికి పదేళ్ల బ్యాచ్ అప్పగిస్తే ఆ గంటసేపూ వాళ్లకు సార్ అతనే. నియమాలు అతనికీ చెప్పాలి. అతనూ పిల్లాడే కాబట్టి అతన్నీ కాపాడుకోవాలి.

## 4. కోచ్‌కూ పిల్లలకూ మధ్య హద్దులు

ఎక్కువ తకరారు వచ్చేది ఇక్కడే. "మామీదే అనుమానమా?" అని కోచ్‌లు నొచ్చుకుంటారు. ఒక్కరి కోసం పెట్టిన నియమమైతే అది అనుమానమే. అందరికీ పెట్టిన నియమం మంచి కోచ్‌కు కూడా అండ. మీటింగులో ఈ మాట మొదటే చెప్పేయండి.

ముట్టుకోవడం. గ్రిప్ సరిచేయాలంటే చెయ్యి పట్టుకోక తప్పదు. దానికొక వరస పెట్టుకోండి: ముందు తాను చేసి చూపాలి, తర్వాత మాటల్లో చెప్పాలి, అప్పటికీ రాకపోతే "చెయ్యి పట్టుకుని చూపించనా?" అని అడగాలి. అదీ అందరి ముందే. ఈతలో నీళ్లమీద తేలడం నేర్పేటప్పుడు ఒళ్లు పట్టుకోవాల్సి వస్తుంది. అందుకే అమ్మాయిల బ్యాచ్‌కు మహిళా శిక్షకురాలు, గట్టున తల్లిదండ్రులు కూర్చునే చోటు ఉండాలి.

మసాజ్, ఫిజియో. కోచ్ మసాజ్ చేయడం వద్దు. ఫిజియో చేస్తే తలుపు తీసి ఉండాలి, ఇంకో పెద్దమనిషి ఉండాలి. అమ్మాయిలకు మహిళే చేయాలి.

ఫోన్. ప్రాక్టీసు కబుర్లన్నీ తల్లిదండ్రులున్న వాట్సాప్ గ్రూపులోనే. పిల్లలు విడిగా మెసేజ్ పెడితే కోచ్ జవాబు గ్రూపులో ఇవ్వాలి. పిల్లలతో ప్రైవేటు చాటింగ్, తమంతట తామే మాయమయ్యే మెసేజ్‌లు, రాత్రి తొమ్మిది తర్వాత కాల్స్ వద్దు. ఆట వీడియోలు అకాడమీ ఫోన్‌లో తీయాలి. కోచ్ సొంత ఫోన్‌లో పిల్లల వీడియోలు ఉండకూడదు.

బండి మీద దింపడం. వాళ్లమ్మ రావడం ఆలస్యమైతే పిల్ల గేటు దగ్గర ఇద్దరు పెద్దవాళ్లతో ఉండాలి. కోచ్ బండెక్కించుకుని ఇంటికి దింపడం మన ఊళ్లలో మామూలే. ఆపాల్సిన అలవాటూ అదే. మరీ తప్పనిసరైతే బయల్దేరేముందే ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి, ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్లాలి.

కానుకలు. లేనింటి పిల్లలకు జేబులోంచి బూట్లు, రాకెట్లు కొనిచ్చే కోచ్‌లు మనకు చాలామంది ఉన్నారు. వాళ్లకు దండం పెట్టాలి. అయితే పిల్లల్ని మచ్చిక చేసుకోవాలనుకునేవాడు కూడా కానుకతోనే మొదలుపెడతాడు. తర్వాత స్పెషల్ ప్రాక్టీసు, ఆపైన "ఇంట్లో చెప్పకు". అందుకని ఏ కానుకైనా అకాడమీ పేరుమీద, తల్లిదండ్రుల ముందు ఇచ్చి రిజిస్టరులో రాయండి. మంచివాడికి దీనివల్ల పోయేదేమీ లేదు.

శిక్షలు. చెంపదెబ్బలు, ఎండలో రౌండ్లు, గోడకుర్చీలు, దాహమంటే నీళ్లివ్వకపోవడం క్రమశిక్షణ కిందికి రావు. తన సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించేవాళ్లకు బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లయితే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు.

బరువు. తైక్వాండో, బాక్సింగ్, కుస్తీలలో బరువు తగ్గించాలని పిల్లల్ని పస్తులు పెట్టడం, చెమట పట్టాలని మందపాటి జాకెట్లు తొడిగి పరిగెత్తించడం మానండి. ఎదిగే వయసులో పై కేటగిరీలో ఆడించడమే నయం. బరువు అందరి ముందు చూడొద్దు, ఒళ్లుమీద జోకులు వద్దు.

## 5. చేర్చుకునే రోజు తల్లిదండ్రులతో

ఫారంలో తల్లిదండ్రులిద్దరి ఫోన్ నంబర్లు, అలర్జీలు, జబ్బులు, పిల్లల్ని తీసుకెళ్లడానికి ఎవరెవరు వస్తారు, ఫొటోలు బయట పెట్టడానికి ఒప్పుకుంటున్నారా అన్నవి రాయించుకోండి. నియమాల పేజీ కాపీ ఇచ్చి చదివించండి. ప్రాక్టీసు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చని చెప్పండి. "పేరెంట్స్ ఉంటే పిల్లలు సరిగ్గా ఆడరు" అని గేటు మూసేసే కోచ్ ఉంటే ఆయనతో మాట్లాడండి. దూరంగా కూర్చోమనడం వేరు, రానివ్వకపోవడం వేరు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకోకండి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్టడీ సర్టిఫికెట్, మెరిట్ సర్టిఫికెట్లు చూసి, కాపీలు తీసుకుని, అక్కడికక్కడే తిరిగివ్వండి. కాగితాలు కోచ్ బీరువాలో ఉంటే, ఏదైనా జరిగినప్పుడు ఆ పిల్ల వెళ్లిపోవాలన్నా వెళ్లలేదు.

## 6. ఊరు దాటి టోర్నమెంటుకు వెళ్లేటప్పుడు

అకాడమీలో పెట్టుకున్న ఏర్పాట్లన్నీ రైలెక్కగానే ఇంటి దగ్గరే ఉండిపోతాయి. అందుకే ప్రయాణానికి విడిగా ఒక జాబితా కావాలి.

అమ్మాయిలుంటే మహిళ తోడు తప్పదు. మహిళా క్రీడాకారులు వెళ్లే బృందాల్లో మహిళా కోచ్ ఉండాలని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా 2022 జూన్‌లో జాతీయ క్రీడా సమాఖ్యలకు చెప్పింది. అది జాతీయ జట్ల మాటే అయినా జిల్లా మీట్‌కు వెళ్లే పన్నెండేళ్ల పిల్లలకు అంతకన్నా తక్కువ ఎందుకుండాలి? "మహిళా కోచ్‌ని పెట్టుకునే స్తోమత లేదు" అంటే తల్లుల్లో ఒకరిని వంతులవారీగా తీసుకెళ్లండి. ఆమెకూ నియమాలు చెప్పి సంతకం తీసుకోండి.

స్కూల్ మీట్‌లలో తరగతి గదుల్లోనే బెంచీలు జరిపి, దుప్పట్లు పరుచుకుని పడుకోవడం మనకు అలవాటే. వెళ్లగానే ముందు టాయిలెట్లు, నీళ్లు, లైట్లు, తలుపుల గడియలు చూడండి. బాగాలేకపోతే నిర్వాహకులతో అప్పుడే తేల్చుకోండి, చీకటి పడేదాకా ఆగొద్దు.

☐ 15 మంది లోపైనా కనీసం ఇద్దరు పెద్దవాళ్లు
☐ అబ్బాయిలకు, అమ్మాయిలకు వేరువేరు గదులు. ఏ గదిలోనూ కోచ్ పిల్లలతో పడుకోకూడదు
☐ ఖర్చు కలిసొస్తుందని లాడ్జిలో ఒక పిల్లాడిని కోచ్ గదిలో సర్దడం వద్దు
☐ రాత్రి గదులు చూడటానికి ఇద్దరు పెద్దవాళ్లు కలిసి వెళ్లాలి, తలుపు తట్టాలి
☐ రాత్రిపూట టాయిలెట్‌కు పిల్లలు జంటగా వెళ్లాలి
☐ రైల్లో పిల్లల బెర్తులన్నీ ఒక్కచోట
☐ తల్లిదండ్రుల చేతిలో ఒక కాగితం: రైలు, బస, మ్యాచ్ వేళలు, వెంట వెళ్లే ఇద్దరు పెద్దవాళ్ల నంబర్లు
☐ రోజూ సాయంత్రం పిల్లలే ఇంటికి ఫోన్ చేయాలి, పక్కన కోచ్ నిలబడకుండా
☐ తిరిగొచ్చాక ఆఖరి పిల్లను ఇంటివాళ్లు తీసుకెళ్లేదాకా వెంట వెళ్లిన ఇద్దరూ రైల్వే స్టేషన్లోనే

హాస్టల్ అయినా, టోర్నమెంట్ బస అయినా సీనియర్లు చిన్నవాళ్లను ఏడిపించడం అబ్బాయిల్లో ఎక్కువ. "మగపిల్లలకేం భయం" అనుకోకండి. పోక్సో చట్టంలో బాధితులకు ఆడ, మగ తేడా లేదు. 18 నిండని ప్రతి ఒక్కరూ దాని రక్షణలోకి వస్తారు.

## 7. పిల్లలకు చెప్పడం

నెలకు ఒకసారి 20 నిమిషాలు చాలు. పదేళ్ల లోపు వాళ్లకు మూడు మాటలు: నీ ఒంటిమీద ఎవరైనా చెయ్యి వేయడం నచ్చకపోతే వద్దని చెప్పు, ఇంట్లో చెప్పకూడని గుట్టు ఏ సారూ పెట్టకూడదు, చెప్పినందుకు నిన్నెవరూ తిట్టరు, టీంలోంచి తీసేయరు.

పదమూడు దాటినవాళ్లతో ఫోన్ సంగతీ, ఫొటోలు పంపమని అడగడం సంగతీ, ప్రేమ సంగతీ నేరుగా మాట్లాడండి. 18 లోపు పిల్ల ఒప్పుకుందన్న మాట చట్టం ముందు చెల్లదని వాళ్లకూ తెలియాలి, కోచ్‌లకూ తెలియాలి.

ఫిర్యాదు పెట్టె గురించి అడుగుతుంటారు. పెట్టండి, తప్పులేదు. నేను చూసిన పెట్టెల్లో దుమ్మూ చాక్లెట్ కాగితాలే ఉన్నాయి. పిల్లలు మనుషులకు చెబుతారు. ఆ ఇద్దరిలో ఒకరు వారానికి ఒకసారి గ్రౌండ్‌కు వచ్చి, బెంచీమీద కూర్చుని, ఊరికే కబుర్లాడితే పెట్టెకన్నా వెయ్యిరెట్లు మేలు.

గమనించాల్సినవి: ఉన్నట్టుండి రానని మొండికేయడం, ఒక కోచ్ ఉన్న రోజే కడుపునొప్పి రావడం, ఎక్కడిదో తెలియని కొత్త ఫోన్, గుంపులోంచి విడిపోవడం. వీటిలో ఏదీ రుజువు కాదు. అడగడానికి మాత్రం ప్రతిదీ కారణమే.

## 8. పిల్ల వచ్చి చెప్పిన రోజు

ఈ భాగం ప్రింటు తీసి ఆ ఇద్దరి చేతిలో పెట్టండి. ఆ రోజు కాళ్లూ చేతులూ ఆడవు. కాగితం చూసి చేయాలి.

మొదటి పది నిమిషాలు. కూర్చోండి, వినండి. "నాకు చెప్పి మంచిపని చేశావమ్మా, తప్పు నీది కాదు" అనండి. "నిజమేనా?", "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అనొద్దు. వివరాలు గుచ్చి గుచ్చి అడగొద్దు, అది పోలీసుల పని. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు. "నిన్ను కాపాడటానికి చెప్పాల్సినవాళ్లకు మాత్రమే చెబుతాను" అనండి.

వెంటనే రాయండి. పిల్ల వాడిన మాటలే, మీ మాటల్లోకి మార్చకుండా. తేదీ, టైము, మీ సంతకం.

ఆ మనిషిని పిల్లలకు దూరంగా పెట్టండి. అదే రోజు, అన్ని బ్యాచ్‌లకూ. ఇది తీర్పు కాదని ఆయనకు చెప్పండి. పిల్ల పేరు, ఏం చెప్పిందో మాత్రం చెప్పొద్దు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దు.

ఇంటివాళ్లకు చెప్పండి. అనుమానం ఇంట్లోని మనిషి మీదే అయితే ముందు 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పి, వాళ్ల సలహా ప్రకారం నడవండి.

పోలీసులకు తెలపండి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం ఉన్నా చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా జైలు, జరిమానా. తల్లిదండ్రులు "వద్దులెండి" అన్నా మీ బాధ్యత పోదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లమీద కేసు పెట్టడానికి వీల్లేదని 19వ సెక్షనే చెబుతోంది.

ఇంటివాళ్లకు ధైర్యం చెప్పండి. స్టేషన్ అంటే భయంతోనే సగంమంది వెనక్కి తగ్గుతారు. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో ఆమె కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. అమ్మాయికి వైద్యపరీక్ష మహిళా డాక్టరే చేయాలి. పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. తెలంగాణలో భరోసా కేంద్రాల (బాధిత మహిళలకూ పిల్లలకూ పోలీసు శాఖ నడిపేవి) సాయం కూడా ఉంది.

ఆధారాలు. సీసీ కెమెరా రికార్డరులో పాతవి కొన్నాళ్లకు చెరిగిపోతాయి. ఆ రోజే కాపీ తీయించి సీలు చేసి పెట్టండి. పిల్ల ఫోన్లోని మెసేజ్‌లు, ఫొటోలు మీరు ఫార్వర్డ్ చేసుకోవద్దు. ఫోన్ ఉన్నదున్నట్టు పోలీసులకు అందనివ్వండి.

నోరు కట్టుకోండి. పిల్ల ఎవరో బయటపెట్టడం నేరం. చిన్న ఊళ్లో పేరు రాయక్కర్లేదు, "అండర్-13లో ఆడే అమ్మాయి" అంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది.

బాధితురాలికి 18 నిండితే దారి వేరు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 క్రీడా సంస్థలనూ స్టేడియాలనూ పనిచేసే చోటుగానే లెక్కేసింది. పదిమంది, ఆపైన ఉద్యోగులుంటే అంతర్గత కమిటీ, లేకపోతే జిల్లాలోని స్థానిక కమిటీ. ఫిర్యాదుకు మూడు నెలల గడువు. పోలీసు కేసు హక్కు ఎలాగూ ఉంటుంది.

కసురుకోవడం, అవమానించడం, సెలక్షన్లో పక్షపాతం లాంటివి ఆ ఇద్దరూ వారం లోపు విచారించి, కాగితం మీద తేల్చవచ్చు. అయితే మాటలోనో చూపులోనో చేతిలోనో లైంగికమైనది ఏ కాస్త ఉందనిపించినా సొంత విచారణ మొదలుపెట్టొద్దు.

## 9. ఎక్కడ తప్పు చేస్తున్నాం

పెద్దమనుషుల్లో పెట్టడం. క్షమాపణ, కొంత డబ్బు, అక్కడితో సరి. ఈ నేరంలో రాజీకి చోటు లేదు. పంచాయితీ చేసినవాళ్లమీదకూ కేసు రావచ్చు.

గుట్టుగా మాన్పించేయడం. అన్నిటికన్నా ఎక్కువ చేటు ఇదే. మనం "వ్యక్తిగత కారణాలు" అని రాసి పంపుతాం. ఆయన పక్క ఊళ్లో కొత్త బ్యాచ్ మొదలుపెడతాడు. రేపు అక్కడినుంచి ఫోన్ వస్తే "మంచివాడేనండీ" అంటారా?

పిల్ల బ్యాచ్ మార్చడం. పక్కకు జరగాల్సింది ఆ మనిషి. పిల్ల తన బ్యాచ్‌లో, తన స్నేహితులతో, తన కోర్టులోనే ఆడాలి. సెలక్షన్ దగ్గరపడితే ఆ నెల ఇంకో కోచ్‌ని రప్పించండి. ఖర్చు అకాడమీదే.

స్టార్ కోచ్‌కు మినహాయింపు. నేషనల్స్‌కు పిల్లల్ని పంపిన సార్ కాబట్టి బండిమీద దింపినా ఎవరూ అడగరు. ఆయన మొదట పాటిస్తే అసిస్టెంట్లకు వేరే చెప్పక్కర్లేదు.

## 10. ప్రతి నెల మొదటి ఆదివారం

☐ బోర్డు మీది నంబర్లకు ఫోన్ చేసి చూడండి, కలుస్తున్నాయా?
☐ కొత్తగా చేరిన సిబ్బంది కాగితాలు పూర్తయ్యాయా?
☐ కిట్ రూమ్ తలుపు, లైట్లు, కెమెరా రికార్డింగు సరిగ్గా ఉన్నాయా?
☐ ఈ నెల మానేసిన పిల్లలెవరు? వాళ్ల ఇళ్లకు కోచ్ కాకుండా ఆ ఇద్దరిలో ఒకరు ఫోన్ చేసి ఎందుకు మానారో అడిగారా?
☐ వీలైతే ఆ ఫోన్లో పిల్లతో కూడా ఒక్క నిమిషం మాట్లాడారా?